రోజుకో రకంగా మొరాయించే కొత్త కంప్యూటర్

కొత్త కంప్యూటర్ అసలు ఆనే కాకపోతే ఒక విధంగా అదృష్టం. ఏదో పోయిందని అందరికీ తెలుస్తుంది, కొన్నచోటికి తీసుకెళ్తే వాళ్లకీ కనిపిస్తుంది, మార్చి ఇస్తారు. మనిషిని తినేసేది నడుస్తూ నడుస్తూ మధ్యలో మొరాయించే రకం. పొద్దున్న ఫోటోషాప్ దానంతటదే మూసుకుపోతుంది. మధ్యాహ్నం గంటలకొద్దీ ఏ గొడవా ఉండదు. రాత్రి ఒక జిప్ ఫైలు విప్పబోతే పాడైపోయిందంటుంది, అదే ఫైలు ఇంకోసారి విప్పితే వచ్చేస్తుంది. నీలం తెర పడితే నిన్న ఒక పేరు, ఇవాళ మరో పేరు. షాపుకి పట్టుకెళ్తే అక్కడ మాత్రం బుద్ధిగా నడుస్తుంది.

ఈ 'రోజుకో రకం' అన్నదే మొదటి ఆనవాలు. తప్పు ప్రతిసారీ ఒకే ప్రోగ్రాములో, ఒకే చోట వస్తుంటే ఆ ప్రోగ్రామునో, డ్రైవరునో పట్టుకోవాలి. చోటు మారుతూ వస్తుంటే, నీలం తెర మీద ఒకసారి 'మెమరీ మేనేజ్‌మెంట్' అని, ఒకసారి 'పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా' అని, ఇంకోసారి 'ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్' అని కనబడుతుంటే, అనుమానం మెమరీ మీదికి మళ్లించాలి. అలాగని ర్యామ్ పోయిందని అప్పుడే తేల్చేయకండి. అది ర్యామ్ కావచ్చు, ర్యామ్ కూర్చున్న స్లాటు కావచ్చు, ప్రాసెసర్ కావచ్చు, బయోస్‌లో మనమే నొక్కిన ఒక బటన్ కావచ్చు. దొంగ పేరు ముందే రాసేసుకుని సాక్ష్యాలు వెతకడం మొదలుపెడితే ఆ పేరుకి తగ్గ సాక్ష్యాలే దొరుకుతాయి.

నరసన్నపేటలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే ఒకాయన సంగతి చూడండి. శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యేలోపు కొత్త సిస్టమ్ ఉండాలని విశాఖ వెళ్లి, రైజెన్ ప్రాసెసర్, 16 జీబీ డీడీఆర్5 స్టిక్కులు రెండు, మిగతా సరంజామా కొని, అక్కడే బిగించుకుని, బస్సు డిక్కీలో పెట్టుకుని తెచ్చుకున్నాడు. ముచ్చట తీరకుండానే షాపుకి ఫోను: "ఏటి గురూ, పట్టుమని పదిరోజులు అవనేదు, అప్పుడే ఇలగైపోనాదేటి?" విండోస్ మళ్లీ ఎక్కించమన్నారు అవతలివాళ్లు. ఎక్కించాడు, తగ్గలేదు. ఊళ్లో ఒకరు ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానపడితే కొత్తది కొన్నాడు. అది బిగిస్తున్న సాయంత్రమే ర్యామ్ స్టిక్కులు అటుదిటు మార్చాడు, బయోస్‌లో ఏదో ఒకటి ఆఫ్ చేశాడు, కేబినెట్‌కి ఇంకో ఫ్యాను తగిలించాడు. రోగం తగ్గింది. రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ వచ్చింది.

తగ్గినప్పుడు దేనివల్ల తగ్గింది? ఎస్‌ఎంపీఎస్ వల్లా, స్లాటు మారడం వల్లా, బయోస్ వల్లా? ఆయనకి తెలియదు, ఎవరికీ తెలియదు. నాలుగు పనులు ఒకేసారి చేశాడు కనుక నాలుగింటిలో ఏ ఒక్కటీ పరీక్ష కాలేదు. ఖర్చయిన డబ్బుకంటే ఇదే పెద్ద నష్టం. ఆ సాయంత్రం దాకా ఆయన దగ్గర నమ్మదగ్గ ఆధారాలు కొన్నైనా ఉన్నాయి, ఆ తర్వాత అవీ కలగాపులగం అయిపోయాయి.

ఎందుకు అలా చేస్తాం? ఫోను అవతల పెళ్లివారు ఆల్బమ్ ఎప్పుడిస్తారని నిమిషానికోసారి అడుగుతుంటారు. స్క్రూలు విప్పి మూత తీశాం కాబట్టి ఆ చేత్తోనే అన్నీ చూసేద్దామనిపిస్తుంది. పక్కన నిలబడ్డ ప్రతివాడూ ఒక సలహా ఇస్తాడు, ఎవరి మాటా కాదనలేం. తెలివితక్కువవాళ్లు కాదు ఇలా చేసేది. చురుకైనవాళ్లే ఎక్కువగా చేస్తారు.

రిపేరుకి ముందు

ఆ ఆల్బమ్ ఆయన విషయంలో భయపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. కెమెరా కార్డు నుంచి హార్డ్ డిస్కుకి ఎక్కించిన తలంబ్రాల ఫోటో ఒకటి సగం దాకా బాగానే ఉండి, అక్కడినుంచి కింది దాకా ఒకటే బూడిద రంగు. కెమెరాలో చూస్తే ఫోటో నిక్షేపంలా ఉంది. కాపీ అయ్యే దారిలో ప్రతి ఫైలూ ర్యామ్‌లోంచే వెళ్తుంది. అక్కడ ఒక్క బిట్ తారుమారైతే ఆ తప్పే డిస్కులో రాసి ఉంటుంది. నీలం తెర పడితే కనీసం మనకి తెలుస్తుంది. ఇలాంటివి మాత్రం ఏ హెచ్చరికా లేకుండా జరిగిపోతాయి.

అందుకని మొట్టమొదట చేయాల్సింది స్క్రూడ్రైవర్ వెతకడం కాదు. ఆ సిస్టమ్‌లోకి కొత్తగా ఏదీ కాపీ చేయకండి. కెమెరా కార్డులు ఫార్మాట్ చేయకండి. పాత హార్డ్ డిస్కుని దానికి తగిలించకండి. జీఎస్‌టీ లెక్కలో, టాలీ డేటానో ఉంటే మరో కంప్యూటర్లో చూసుకోండి. అసలు ప్రతులు చెక్కుచెదరకుండా ఉన్నాయన్న ధైర్యం ఉంటే తర్వాతి పనులు నిదానంగా చేయగలం. తొందరపాటుకి సగం కారణం ఆ భయమే.

రెండోది, ఒక నోటుబుక్కు. రూళ్ల పుస్తకమైనా సరే. తారీఖు, టైము, అప్పుడు ఏ పని నడుస్తోంది, తెర మీద ఏ పేరు పడింది, కరెంటు వచ్చిపోయిందా, మనం ఏం మార్చాం. తెరని సెల్‌ఫోన్‌తో ఫోటో తీయండి. ఈ పుస్తకం రాయడం చాదస్తంలా కనిపిస్తుందని తెలుసు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ పక్కన ఉండేవాడికి దీని అవసరం తక్కువే. అరగంటలో ఇంకో ర్యామ్ పెట్టి చూసుకుంటాడు, అనుమానం తీరిపోతుంది. ఇచ్ఛాపురంలోనో, బొబ్బిలిలోనో ఉన్నవాడికి ఆ వెసులుబాటు లేదు. శ్రీకాకుళం నుంచి విశాఖకే వంద కిలోమీటర్ల పైచిలుకు. తప్పు భాగం పట్టుకుని ఒకసారి వెళ్లొస్తే ఒక రోజూ, ఆ రోజు కూలీ పోయినట్టే. ఏ భాగం పట్టుకెళ్లాలో ఇంట్లోనే తేల్చుకోవాలి.

లోపల ఏం జరుగుతోంది

ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్ 1968లో పేటెంటు పొందిన పద్ధతే ఇవాళ్టి ర్యామ్‌కీ ఆధారం. ఒక బిట్‌కి ఒక ట్రాన్సిస్టరు, కంటికి ఆనని ఒక కెపాసిటరు. అందులో ఛార్జి ఉంటే ఒకటి, లేకుంటే సున్నా. ఆ ఛార్జి నిలవదు, కారిపోతూ ఉంటుంది. అందుకే డీడీఆర్4లో 64 మిల్లీసెకన్లలోపు, డీడీఆర్5లో 32 మిల్లీసెకన్లలోపు ప్రతి గడినీ ఒకసారి చదివి మళ్లీ నింపుతుంటారు. 16 జీబీ స్టిక్కులో ఇలాంటి గడులు 13,743 కోట్లకు పైనే. అన్నీ సరిగ్గా ఉండటమే వింత అనిపిస్తుంది నాకు.

అయితే కొత్త సిస్టమ్‌లో గొడవ ఎక్కువసార్లు ఈ గడుల్లో ఉండదు. గడికీ ప్రాసెసర్‌కీ మధ్య ఉన్న దారిలో ఉంటుంది. డీడీఆర్5 మామూలు వేగం 4800, దానికి 1.1 వోల్టులు చాలు. పెట్టె మీద 6000 అని పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆ వేగం రావాలంటే బయోస్‌లోకి వెళ్లి ఇంటెల్ బోర్డుల్లో ఎక్స్‌ఎంపీ, ఏఎండీ బోర్డుల్లో ఎక్స్‌పో అనే ప్రొఫైల్ ఆన్ చేయాలి. అప్పుడు వోల్టేజి చాలా స్టిక్కులకి 1.35కి పెరుగుతుంది. ఒక్కో తీగ మీద సెకనుకి 600 కోట్ల సార్లు సంకేతం మారుతుంది. షాపులో బిగించే కుర్రాళ్లు దీన్ని మనం అడక్కుండానే ఆన్ చేసి ఇస్తారు.

ఇక్కడ చాలామంది గమనించని మెలిక ఉంది. రైజెన్ 7000 శ్రేణి ప్రాసెసర్లకి ఏఎండీ అధికారికంగా చెప్పిన వేగం రెండు స్టిక్కులకి 5200. నాలుగు స్లాట్లూ నింపితే 3600 మాత్రమే. అంటే పెట్టె మీది 6000 అన్న అంకె ర్యామ్ చేసినవాడి హామీ. ర్యామ్ ఆ వేగం తట్టుకుంటుందని అతను చెప్పగలడు. ప్రాసెసర్ లోపల ఉన్న మెమరీ కంట్రోలర్ తరఫున హామీ ఇవ్వడానికి అతనెవరు? చాలా ప్రాసెసర్లు 6000ని సునాయాసంగా మోస్తాయి. కొన్ని మోయలేవు. మోయలేనివి చెడిపోయినవి కావు.

డీడీఆర్5లో తప్పులు దిద్దుకునే ఈసీసీ ఎలాగూ ఉందిగా అని కొందరు ధీమాగా ఉంటారు. అది చిప్ లోపలి గడుల వరకే. చిప్ దాటి ప్రాసెసర్ దాకా వచ్చే దారిలో జరిగే తప్పుని అది చూడదు.

ఆ దారిని సరిచేసుకునే పనినే మెమరీ ట్రైనింగ్ అంటారు. బొబ్బిలి వీణైనా సరే, పెట్టెలోంచి తీసి నేరుగా కచేరీ మొదలుపెట్టరు కదా, ముందు శ్రుతి చూసుకుంటారు. సిస్టమ్ ఆన్ చేసినప్పుడు ప్రాసెసర్ చేసేది కూడా అదే, ఏ తీగకి ఎంత ఆలస్యం, ఎంత వోల్టేజి అని కొలుచుకోవడం. రైజెన్ 7000 లాంటివి కూర్చునే ఏఎం5 బోర్డుల్లో మొదటిసారి ఇది చాలా నిమిషాలు పట్టొచ్చు, తెర నల్లగానే ఉంటుంది. చచ్చిపోయిందనుకుని మధ్యలో స్విచ్ కట్టేసేవాళ్లు ఎందరో. టీ తాగి రండి. 'మెమరీ కాంటెక్స్ట్ రిస్టోర్' అని బయోస్‌లో ఒక ఆప్షన్ ఉంటుంది. ఆన్ చేస్తే బూటింగ్ చకచకా అవుతుంది, ఎందుకంటే నిన్నటి శ్రుతితోనే ఇవాళా వాయించేయమని చెబుతున్నాం. మాఘమాసపు తెల్లవారుజాము చలికీ, రోహిణీ కార్తె మధ్యాహ్నానికీ అదే శ్రుతి పనికిరాకపోవచ్చు. గొడవ తేలేదాకా దాన్ని ఆఫ్‌లో ఉంచండి.

ఒక్కొక్కటే

ఇక చేతులు పెట్టొచ్చు. ప్లగ్గు గోడ నుంచి తీసేయండి. పవర్ బటన్‌ని కాసేపు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. కేబినెట్ ఇనుముని ఒకసారి ముట్టుకుని మొదలుపెట్టండి. మన తీరప్రాంతపు తేమ గాలిలో స్టాటిక్ కరెంటు బెడద తక్కువే అయినా, ఆ అలవాటు మానక్కర్లేదు.

ముందుగా స్టిక్కులు తీసి మళ్లీ పెట్టడం. బస్సు డిక్కీలో గతుకుల మీద వచ్చిన సిస్టమ్‌కి ఇది తప్పనిసరి. రెండు స్టిక్కులుంటే ప్రాసెసర్ వైపునుంచి లెక్కపెట్టి రెండో స్లాటులో, నాలుగో స్లాటులో పెట్టాలి. చాలా బోర్డుల మాన్యువల్స్‌లో వీటినే ఏ2, బీ2 అంటారు. ఒకటి, మూడులో పెడితే సిస్టమ్ నడుస్తుంది గాని ఎక్కువ వేగంలో తడబడుతుంది. క్లిప్పు టక్కుమనే దాకా రెండు చివర్లా నొక్కాలి. కొన్ని బోర్డుల్లో క్లిప్పు ఒకవైపే ఉంటుంది. రెండోవైపు సరిగ్గా దిగకపోయినా దిగినట్టే కనిపిస్తుంది, అటువైపు వంగి చూడండి.

బంగారు పళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన దగ్గర తరతరాల విద్య. ఆ పూత చాలా పలచన, రబ్బరు దాన్ని అరగదీస్తుంది, పొట్టు స్లాటులో పడుతుంది. భావనపాడు, కళింగపట్నం లాంటి సముద్రపొడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి పాత స్టిక్కుల పళ్లు మసకబారడం నిజమే. సెల్‌ఫోన్ రిపేరు షాపులో ఐపీఏ అని అడిగితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఇస్తారు. మెత్తటి గుడ్డకి రెండు చుక్కలు వేసి తుడిచి, ఆరనిచ్చి పెట్టండి. పెట్టెలోంచి తీసిన కొత్త స్టిక్కుకి ఆ అవసరం కూడా ఉండదు.

తర్వాత బయోస్‌లో 'లోడ్ ఆప్టిమైజ్డ్ డీఫాల్ట్స్' నొక్కండి. ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో ఆఫ్ అయిపోతాయి. ర్యామ్ తన మామూలు వేగానికి దిగుతుంది. ఇక్కడే పరీక్ష. మెమ్‌టెస్ట్86 ఉచితంగా దొరుకుతుంది. వేరే కంప్యూటర్లో దించుకుని పెన్‌డ్రైవ్‌కి ఎక్కించి, దానితో బూట్ చేయాలి. విండోస్‌తో వచ్చే మెమరీ డయాగ్నస్టిక్ ఘోరమైన తప్పుల్ని మాత్రమే పడుతుంది, అది బాగుందన్నంత మాత్రాన నమ్మకండి. మెమ్‌టెస్ట్ నాలుగు పాసులు తిరుగుతుంది, 32 జీబీకి కొన్ని గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోవడం మంచిది. పెట్టే ముందు పేపర్లో జిల్లా పేజీ చూడండి, మీ ఫీడరుకి ఈపీడీసీఎల్ వాళ్ల సరఫరా నిలిపివేత ప్రకటన ఉందేమోనని. మధ్యలో కరెంటు పోతే మొదటినుంచీ మొదలు.

ఎర్రర్లు సున్నా ఉంటేనే పాస్. ఒక్కటి వచ్చినా ఫెయిలే. కోట్ల గడుల్లో ఒకటేగా అని సర్దుకోబుద్ధవుతుంది. గూగుల్ తన సర్వర్లలో రెండున్నరేళ్లపాటు జరిపిన పరిశీలన 2009లో వెలువడింది. ఏడాదిలో నూటికి ఎనిమిదికి పైగా స్టిక్కుల్లో కనీసం ఒక తప్పు కనిపించింది. ఒకసారి తప్పు చూపిన స్టిక్కు మళ్లీ చూపే అవకాశం మిగతావాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువని కూడా తేలింది. సర్వర్లలో తప్పుని దిద్దే ఏర్పాటు ఉంది. మన టేబుల్ మీది సిస్టమ్‌కి సాధారణంగా ఉండదు. అదే పరిశీలనలో వేడి ప్రభావం అనుకున్నంత లేదని తేలడం మనవాళ్లకి ఆశ్చర్యంగా ఉండొచ్చు. మే నెలలో ఏది పాడైనా ఎండ మీదికి తోసేస్తాం కదా. అయితే ఆ సర్వర్లు మామూలు వేగంలో నడిచేవి. 1.35 వోల్టులతో పరుగెత్తే డీడీఆర్5కి వేడి నిజంగానే పడదు. గ్రాఫిక్స్ కార్డు వేడి గాలి నేరుగా దాని మీదికే వస్తుంది.

మామూలు వేగంలో రాత్రంతా సున్నా వచ్చిందనుకోండి. మీ స్టిక్కులు చాలామటుకు మంచివే, పెట్టె మీది వేగంలోనే ఆ మూడింటికీ, అంటే ర్యామ్‌కీ బోర్డుకీ ప్రాసెసర్‌కీ, పొసగడం లేదు. మామూలు వేగంలోనే ఎర్రర్లు వస్తే మాత్రం ఏదో ఒకటి నిజంగా పాడైంది, దాన్ని వేరుచేయాలి.

వేరుచేయడం ఇలా. స్టిక్కులకి ఒకటి, రెండు అని చిన్న కాగితం ముక్కలు అంటించండి. ఒకటో స్టిక్కుని ఒంటరిగా ఏ2లో పెట్టి పరీక్షించండి, రాయండి. దాన్ని తీసి అదే ఏ2లో రెండోదాన్ని పెట్టి పరీక్షించండి, రాయండి. ఒకటి పాసై రెండోది ఫెయిలైతే దొంగ దొరికాడు. రెండూ ఏ2లో పాసైతే, పాసైన స్టిక్కునే బీ2లో పెట్టండి. అక్కడ ఫెయిలైతే తప్పు స్టిక్కుది కాదు, ఆ స్లాటుదో, ఆ వైపు తీగలదో, ప్రాసెసర్ కింది సాకెట్‌దో. తప్పు స్టిక్కు వెంట నడుస్తోందా, స్లాటు దగ్గరే కూర్చుందా అన్నదే ప్రశ్న. విసుగు పుట్టించే పనే ఇది. కానీ షాపువాడితో మాట్లాడేటప్పుడు "రెండో స్టిక్కు ఏ2లోనూ బీ2లోనూ ఫెయిలైంది, ఒకటోది రెండింటిలోనూ పాసైంది" అని చెప్పేవాడికీ, "మొత్తానికి ఏదో తేడాగా ఉందండీ" అనేవాడికీ దొరికే జవాబులు వేరుగా ఉంటాయి. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనో, రాజాం జీఎంఆర్ ఐటీలోనో చదివే మేనల్లుడి దగ్గర అదే రకం స్టిక్కు ఉంటే ఒక ఆదివారం తెప్పించుకోండి, తీర్పు ఇంకా గట్టిపడుతుంది.

స్లాటు దగ్గరే తప్పు కూర్చుంటే బోర్డు మార్చేముందు ఇంకొకటి చూడాలి. ఇంటెల్‌లోనూ ఏఎం5లోనూ పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి. ఒక పిన్ను వెంట్రుకవాసి వంగినా ఒక వైపు మెమరీ మొత్తం పోవచ్చు. కూలర్ స్క్రూలు ఒకవైపు బిర్రుగా, ఒకవైపు వదులుగా ఉన్నా ప్రాసెసర్ మీద ఒత్తిడి సమంగా పడదు. ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగించాలి. వంగిన పిన్నుని సూదితో సరిచేసే సాహసం వద్దు, ఫోటో తీసి ఊరుకోండి.

ప్రాసెసరే మెమరీ తప్పుల వేషం వేసిన సందర్భం ఈ మధ్యదే. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లలో కొన్ని 2024లో ఇలాగే రకరకాలుగా కూలాయి. ఆటల్లో వీడియో మెమరీ చాలడం లేదని తెర మీద పడేది. చాలామంది ర్యాములూ గ్రాఫిక్స్ కార్డులూ మార్చుకున్నారు. ప్రాసెసర్ అవసరానికి మించిన వోల్టేజి అడుగుతోందని ఇంటెల్ ఆ తర్వాత ఒప్పుకుని, ఆగస్టులో బయోస్ ద్వారా మైక్రోకోడ్ దిద్దుబాటు ఇచ్చి, వారంటీని మరో రెండేళ్లు పెంచింది. మీది ఆ తరం అయితే ర్యామ్ జోలికి వెళ్లకముందే బయోస్ అప్‌డేట్ చేయండి. ఏఎం5 వాళ్లకీ అప్‌డేట్ ముఖ్యమే, ట్రైనింగ్ మెరుగుపడేది దానితోనే. యూపీఎస్ మీద పెట్టుకుని చేయండి, మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు.

అంకె మీద మోజు

తప్పు వేగానిదే అని తేలినవాళ్లకి నిజానికి అన్నిటికంటే సులువైన మందు ఉంది. 6000ని 5600కి దించండి, పరీక్షించండి. నిలిస్తే అక్కడితో వదిలేయండి. చాలామంది వదల్లేరు. ఆరువేలకి డబ్బిచ్చాం కదా అని పట్టుదల. వోల్టేజి కొంచెం కొంచెంగా పెంచుతూ పోతారు. 2023లో కొన్ని రైజెన్ 7000ఎక్స్3డీ ప్రాసెసర్లు సాకెట్‌లోనే కాలిపోయాక, మెమరీ కంట్రోలర్‌కి అందే ఎస్‌ఓసీ వోల్టేజి 1.3 దాటకుండా ఏఎండీ బయోస్‌లలో పట్టు బిగించింది. ఆ వోల్టేజితో ఆడుకోవడం మన పని కాదు. ఆల్బమ్ డిజైనింగ్‌లో 6000కీ 5600కీ తేడా స్టాప్‌వాచ్ పెట్టి కొలిస్తే తప్ప తెలియదు. పక్కవాడి సిస్టమ్‌లో 6000 నడుస్తోందని మనదీ నడవాలని లేదు.

ఇంకో అలవాటు మనది: ఇప్పుడు ఒక స్టిక్కు కొందాం, దీపావళికి ఇంకోటి వేద్దాం. బిల్లు రెండుగా చీలుతుంది కాబట్టి షాపువాళ్లూ సరేనంటారు. అదే కంపెనీ, అదే మోడల్ నంబరు అయినా లోపలి చిప్పులు వేరే తయారీవి కావచ్చు. అవి రెండూ ఒకే వేగంలో కలిసి నడుస్తాయని ఎవరూ హామీ ఇవ్వరు. రెండూ ఒకే పెట్టెలో జతగా వచ్చినవే కొనండి. 64 జీబీ కావాలంటే 32లు రెండు కొనండి, 16లు నాలుగు కాదు. బోర్డు కంపెనీ తమ దగ్గర పరీక్షించిన ర్యాముల జాబితాని క్యూవీఎల్ పేరుతో ఇస్తుంది, కొనేముందు అందులో మోడల్ నంబరు ఉందో లేదో ఫోన్లోనే చూసుకోవచ్చు.

మెమరీ కాని తప్పులు

నీలం తెర ఏదీ లేకుండా సిస్టమ్ ఉన్నట్టుండి ఆగి మళ్లీ మొదలైతే అది చాలాసార్లు మెమరీ కాదు, కరెంటు. ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నల్ పవర్ 41' అని ఉండి, దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ సున్నా అని ఉంటే అటువైపు వెళ్లండి. ఇంటి ఇన్వర్టర్‌కి వెనక ఒక స్విచ్ ఉంటుంది, యూపీఎస్ మోడ్‌కీ మామూలు మోడ్‌కీ. ఫ్యాన్లు, లైట్లకైతే ఏదైనా ఒకటే. ఎస్‌ఎంపీఎస్ కరెంటు లేకుండా నిలబడగలిగేది సుమారు 16 మిల్లీసెకన్లు. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ అంతకంటే ఆలస్యంగా అందుకోవచ్చు. ఇక కేబినెట్ ముట్టుకుంటే వేళ్లకి జివ్వుమంటుంటే ఎర్తింగ్ లేదన్నమాట. మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల అడాప్టర్ తగిలించి ఉంటారు, లేదా ఇంటి ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, ర్యామ్ మార్చినా ఆ జివ్వు పోదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలా ఆగి తిరిగి వచ్చే సరఫరాలో హెచ్చుతగ్గులు ఎక్కువ. అక్టోబరు, నవంబరు వాయుగుండాల రోజుల్లో వచ్చిన తప్పుల్ని నోటుబుక్కులో విడిగా గుర్తుపెట్టుకోండి.

మెమ్‌టెస్ట్ పాసయ్యాక కూడా విండోస్‌లో ఒకసారి బరువు పెట్టి చూడాలి. ప్రైమ్95లో 'బ్లెండ్' పరీక్షనో, ఓసీసీటీలో మెమరీ పరీక్షనో గంటసేపు నడిపితే ప్రాసెసర్, ర్యామ్ రెండూ వేడెక్కినప్పటి పరిస్థితి బయటపడుతుంది. అది కూడా దాటాకే విండోస్‌ని మళ్లీ మొదటినుంచి ఎక్కించండి. తప్పుడు మెమరీ మీద ఎక్కించిన విండోస్‌లో ఏ ఫైలు పాడై ఉందో ఎవరూ చెప్పలేరు. చాలామంది దీన్ని మొట్టమొదట చేస్తారు. చేయాల్సింది చిట్టచివర.

తిప్పి పంపేటప్పుడు

స్టిక్కు చెడ్డదని తేలితే, జతగా కొన్నవి జతగానే పంపాలి, బాగున్నది దగ్గర పెట్టుకుని పాడైందే పంపితే వచ్చేది వేరే తయారీది కావచ్చు. ఎన్నో బ్రాండ్లు ర్యామ్‌కి లైఫ్‌టైమ్ వారంటీ ఇస్తాయి. కానీ అడిగేది జీఎస్‌టీ బిల్లు, స్టిక్కు మీది సీరియల్ నంబరు స్టిక్కర్. ఎంత అందంగా లేకపోయినా ఆ స్టిక్కర్ పీకకండి. మెమ్‌టెస్ట్ ఎర్ర గీతల ఫోటో, నోటుబుక్కులో సంబంధించిన పేజీ ఫోటో వాట్సాప్‌లో ముందే పంపండి. బస్సెక్కేముందు ఫోన్ చేసి, షాపులోనే మార్చి ఇస్తారా, కంపెనీకి పంపి తెప్పిస్తారా, ఎన్నాళ్లు పడుతుంది అని అడిగి, జవాబుని కూడా అదే వాట్సాప్‌లో రాయించుకోండి. కోపం చూపించాల్సిన అవసరం రాదు, ఆధారాలు చూపిస్తే చాలు. అయినా తిప్పుతూనే ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 2019 చట్టం కింద ఐదు లక్షల లోపు కొనుగోళ్లకి ఫిర్యాదు రుసుము లేదు.

కొత్త జత వచ్చిన రోజున ఆల్బమ్ పని మొదలుపెట్టేయకండి. ముందు మామూలు వేగంలో ఒక రాత్రి మెమ్‌టెస్ట్, మర్నాడు ప్రొఫైల్ ఆన్ చేసి ఇంకో రాత్రి. మార్చి ఇచ్చినవాటిలోనూ చెడ్డవి వస్తాయి.